కాశీలో వదిలిన అనాస

మా అత్తగారు నాతో మాట్లాడాలంటే ఇప్పటికీ తలుపు చాటు కావాలి. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆవిడ నా ఎదుట కుర్చీలో కూర్చోవడం నేను చూడలేదు. వాళ్లది దివిసీమలో, నాగాయలంక వెళ్లే దారిలో ఒక చిన్న ఊరు. నేను వెళ్తే మంచినీళ్ల చెంబు గడప దగ్గర పెట్టి లోపలికి తప్పుకునేవారు. రెండు గజాల దూరంలో నేను కూర్చుని ఉండగానే, "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కోవే" అని నా భార్యను అడిగేవారు. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైపోయింది. అల్లుడంటే ఎదురు చెప్పకూడని మనిషని ఆవిడ ఉద్దేశం. నిజం చెప్పాలంటే ఆ ఉద్దేశం నాకూ సుఖంగానే ఉండేది. ఎవరైనా ఎదురు చెబితే నేను ఓర్చుకోలేను. నా కోపం ముక్కు మీదే కాపురం పెట్టిందని మా ఆవిడ అంటుంది.

ఈ ఏప్రిల్‌లో అత్తగారి కళ్లు పచ్చబడ్డాయి. ఆవిడ ఎవరికీ చెప్పకుండా పది రోజులు నేలఉసిరి పసరు తాగి, చప్పిడి పథ్యం చేశారు. ఒళ్లంతా దురదలు పుట్టి నిద్ర పట్టని స్థితికి వచ్చాక పక్కింటివాళ్లు మాకు ఫోన్ చేశారు. గుడివాడలో కడుపు జబ్బులు చూసే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన రక్తపరీక్షలూ మామూలు స్కానింగూ చేయించి కాసేపు ఆ కాగితాల్లోకే చూస్తూ కూర్చున్నారు. కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం దిగే సన్నని గొట్టం ఉబ్బి ఉందట. దాని అడుగున ఏదో అడ్డం పడిందట. ఆ అడుగు భాగాన్ని పేగులోని గాలి కప్పేయడం వల్ల ఏమిటన్నది తెలియడం లేదన్నారు.

"రాయైతే నోట్లోంచి గొట్టం వేసి లాగేస్తామండి. రెండ్రోజుల్లో ఇంటికి వెళ్లిపోవచ్చు."

"రాయి కాకపోతే?"

"గడ్డైతే సంగతి వేరు. ముందు ఎమ్మారై తీయించండి, అప్పుడు మాట్లాడుకుందాం."

ఆ "సంగతి వేరు" అన్న మాట అత్తగారిని ఊళ్లో దింపి బందరు చేరేదాకా కారులో మాతోపాటే వచ్చింది. మా ఆవిడ దారంతా కిటికీలోంచే చూసింది. తండ్రి పోయాక ఆమెకు పుట్టిల్లంటే అమ్మ ఒక్కతే.

స్కానింగ్ రోజున మా ఆవిడకు సెలవు దొరకలేదు. ఆమె టీచరు, పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. అందుకని నేను కోర్టుకు సెలవు పెట్టాను. బందరు కోర్టులో నేను బెంచి క్లర్కుని. బోనెక్కిన ప్రతి సాక్షి చేతా "అంతా నిజమే చెబుతాను" అని ప్రమాణం చేయించడం నా పనుల్లో ఒకటి. ఇరవై ఏళ్లుగా ఆ వాక్యం రోజుకు ఎన్నిసార్లు పలుకుతానో నాకే తెలియదు.

ముందురోజు స్కానింగ్ సెంటర్ నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఆ మిషన్ నడిపే టెక్నీషియన్ ఆమే. పొద్దున్నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు, వచ్చేటప్పుడు అనాస జ్యూసు తెచ్చుకోండి అంది.

"అనాస జ్యూసా? పరీక్షకి రమ్మంటున్నారా, పేరంటానికి రమ్మంటున్నారా అమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "ఈ పరీక్షలో నీళ్లు ఎక్కడుంటే అక్కడ తెల్లగా వెలుగుతుందండి. మాకు కావాల్సింది ఆ సన్నగొట్టంలో ఉన్న నీరు. కానీ పక్కనే కడుపులో, పేగులో ఉన్న నీళ్లు కూడా వెలుగుతాయి కదండీ, ఆ వెలుగులో గొట్టం కనపడకుండా పోతుంది. అనాస రసంలో మాంగనీసని ఒక ఖనిజం ఉంటుంది. అది తాగితే కడుపులో నీళ్లు నల్లగా అయిపోతాయి, గొట్టం ఒక్కటే తెల్లగా మిగులుతుంది. దీనికి మందులు కూడా ఉన్నాయి గానీ అవి మా దగ్గర దొరకవండి. ఇది పండ్లరసమే కదా, ఎవరికైనా పడుతుంది."

ఎవరికైనా పడుతుందనే నేనూ అనుకున్నాను.

తెల్లవారుతుండగా బందరు నుంచి బయల్దేరి వాళ్ల ఊరు వెళ్లాను. అత్తగారు అప్పటికే ఉతికిన చీర కట్టుకుని, సంచీ సర్దుకుని అరుగు మీద ఉన్నారు. కారు చూడగానే లేచి నిలబడ్డారు. ముందు సీటు తలుపు తీస్తే చూడనట్టు వెనక్కి వెళ్లి కూర్చున్నారు. చల్లపల్లి, కూచిపూడి దాటాం. కాలువల్లో నీళ్లు కట్టేసిన రోజులు, చేలన్నీ నెర్రెలిచ్చి ఉన్నాయి. పామర్రు సెంటర్లో కారాపి రెండు డబ్బాల అనాస జ్యూసు కొని ఆవిడ పక్కన సీట్లో పెట్టాను.

"స్కానింగ్ ముందు ఇది తాగాలండి అత్తయ్యగారూ, రెండు గ్లాసులు."

ఆవిడ డబ్బా మీది బొమ్మ చూశారు. "ఇదా బాబూ?"

"ఇదేనండి. మందులాంటిది."

కాసేపాగి, "అలాగేనండి" అన్నారు.

రోజూ పదిమంది సాక్షుల్ని చూసేవాణ్ణి, ఆ కాసేపు ఆగడం ఎందుకో నాకు అనుమానం రావాలి. రాలేదు. అద్దంలో వెనకబండి చూసుకుంటూ గేరు మార్చాను.

గుడివాడలో సెంటర్‌కు చేరాక చెవి దుద్దులూ గాజులూ తీయించారు. నలభై ఏళ్లుగా తీయని ముక్కుపుడక ఊడి రావడానికి సబ్బునీళ్లు అవసరమయ్యాయి. "ఇప్పుడు రెండు గ్లాసులూ తాగేసి ఇక్కడే కూర్చోండమ్మా, ఇరవై నిమిషాలాగి పిలుస్తాను" అని చెప్పి టెక్నీషియన్ అమ్మాయి లోపలికి వెళ్లింది. నేను డబ్బా కత్తిరించి, గ్లాసు నింపి, డబ్బాతో సహా ఆవిడ చేతికిచ్చాను. నేనక్కడే నిలబడితే ఆవిడ తాగరు, అల్లుడి ముందు ఆవిడ మంచినీళ్లయినా తాగరు. అందుకని పాత రిపోర్టులు తేవడానికి పక్కవీధిలో డాక్టరుగారి ఆస్పత్రికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ, డబ్బా ఖాళీ. అత్తగారు చీరకొంగుతో మూతి తుడుచుకుంటున్నారు.

"తాగారా అండీ?"

"తాగాను బాబూ."

అరగంట పైన ఆ గది తలుపు వెనక నుంచి పిండిమర ఆడుతున్నట్టు చప్పుడొచ్చింది. తర్వాత అమ్మాయి తలుపు తీసి నన్ను లోపలికి రమ్మంది. కంప్యూటర్ తెర మీద నల్లటి కడుపులో ఒక పెద్ద తెల్లని మడుగు ఉంది.

"ఆవిడ జ్యూసు తాగలేదండి" అంది మెల్లగా.

"తాగారమ్మా. డబ్బా నేనే కత్తిరించి ఇచ్చాను."

"ఇవి మామూలు నీళ్లండి. చాలా తాగారు. చూడండి, కడుపూ పైపేగూ ఎంత తెల్లగా ఉన్నాయో. నీళ్లు నిండిపోయిన చేలో గట్టెక్కడుందో తెలుస్తుందా అండీ? గొట్టం అడుగు భాగం ఈ తెలుపు వెనకే ఉంది, నాకు కనపట్టం లేదు."

నాకు రావాల్సింది వచ్చేసింది. మీ మిషన్‌లోనే ఏదో లోపం ఉందన్నాను. జ్యూసుతో పరీక్షలేమిటి, ఇది ఆస్పత్రా కూల్‌డ్రింకు కొట్టా అన్నాను. పక్కనున్న నర్సమ్మలు తొంగి చూశారు. ఆ అమ్మాయి నన్ను అరవనిచ్చి, "ఒక్కసారి ఆవిడనే అడగండి సార్" అంది, అంతే.

అత్తగారు వరండాలో గోడకానుకుని నిలబడి ఉన్నారు. నా కేకలన్నీ ఆవిడకు వినపడ్డాయి.

"మీరు తాగింది ఏమిటండీ?"

తల వంచుకున్నారు. "కొబ్బరినీళ్లు బాబూ. గేటు బయట అమ్ముతుంటే..."

"ఎన్ని?"

"మూడు బొండాలు. మీరు రెండు గ్లాసులన్నారు, తక్కువైతే స్కానింగు రాదేమోనని..."

"మరి జ్యూసేం చేశారు?"

ఆవిడ వరండా చివరున్న కరివేపాకు మొక్క వైపు చూశారు. దాని మొదట్లో మట్టి ఇంకా తడిగా ఉంది, చీమలు అప్పుడే బారులు కట్టాయి.

"అది నేను తాగకూడదండి. కాశీలో వదిలేశాను."

మా వైపు కాశీ వెళ్లినవాళ్లు ఒక కాయో పండో అక్కడ వదిలేసి వస్తారు. ఇక జన్మలో దాన్ని నోట పెట్టరు. ఇష్టమైనదే వదలాలని శాస్త్రం, కానీ మనవాళ్లు గట్టివాళ్లు. మా మావగారు బతికుండగా వదిలింది పొట్లకాయ. ఆ వాసనంటేనే ఆయనకు గిట్టదు, కాశీ విశ్వనాథుడి పుణ్యమా అని ఇంట్లో ఆ కూర వండటం మానేశారని తెగ సంబరపడేవారు. అందుకే నాకు మొదట జాలి వేయలేదు, ఒళ్లు మండింది. ఉన్నది రాయో గడ్డో తేలక ఇంట్లో అందరం అన్నం సయించక తిరుగుతుంటే, ఈవిడకి పండు పట్టింపా! మందు కింద తీసుకుంటే దేవుడేమీ అనుకోడన్నాను. ఆయన లెక్క ఆయనకుంటుందన్నాను. ఆవిడ అన్నింటికీ తలూపుతున్నారు గానీ కళ్లెత్తడం లేదు. ఇలా కాదని బయటికెళ్లి మా ఆవిడకు ఫోన్ చేశాను. టీ విరామంలో ఉన్నట్టుంది, వెంటనే ఎత్తింది.

"మీ అమ్మ కాశీలో ఏ పండు వదిలిందో తెలుసా నీకు?"

"అనాస." ఒక క్షణం ఆగి, "అయ్యో, జ్యూసు అదేనా?" అంది.

"అదే. పారబోసి కొబ్బరినీళ్లు తాగొచ్చింది. స్కానింగు పాడైంది. నువ్వు గట్టిగా చెప్పు, నీ మాటైతే వింటుంది."

"నేను చెప్పనండి."

"ఎందుకు చెప్పవు?"

"అమ్మ ఎందుకు వదిలిందో మీకు నిజంగా గుర్తు లేదా?"

గుర్తు లేదు అనబోయాను. గుర్తొచ్చింది.

పందొమ్మిదేళ్ల కిందటి మాట. మా ఆవిడకు మూడో నెల. అనాసపండు తినాలని ఉందని ఫోన్లో అందట. మర్నాటికల్లా అత్తగారు అవనిగడ్డలో బస్సెక్కి, సంచీలో పెద్ద పండుతో బందరు వచ్చారు. ముక్కలు కోసి, ఉప్పూకారం జల్లి, కూతురికి దగ్గర కూర్చుని తినిపించారు. మూడో రోజున కడుపు నిలవలేదు. నర్సింగ్ హోమ్ వరండాలో, వచ్చీపోయే జనం ముందు నేను ఆవిడ మీద అరిచాను. "కడుపుతో ఉన్న పిల్లకి అనాసపండు పెడతారా ఎవరైనా? కన్నతల్లి చేసే పనేనా ఇది?" ఆవిడ ఇలాగే గోడకానుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు. మర్నాడు మొదటి బస్సుకే వాళ్ల ఊరు వెళ్లిపోయారు. ఆ మాఘమాసంలోనే ఊళ్లోవాళ్ల బస్సులో కాశీ వెళ్లొచ్చారు. ఆ మరుసటి ఏడాది మాకు పాప పుట్టింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

మా ఆవిడకు తెలిసిన కథ ఇంతవరకే. నాకు తెలిసింది ఇంకొంత ఉంది.

అత్తగారు బస్సెక్కి వెళ్లిన ఆ పొద్దున్నే లేడీ డాక్టరుగారు నన్నొక్కణ్ణీ గదిలోకి పిలిచారు. లోపల బిడ్డ గుండె ఆగిపోయి రెండు వారాలైందని చెప్పారు. ఇలా జరుగుతుంటుంది, తిండి వల్ల కాదు, ఎవరి తప్పూ లేదు అన్నారు. "ఇంట్లో ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పండి, లేకపోతే మనసులో పెట్టుకుంటారు" అని కూడా అన్నారు. అంటే పండు మా ఇంటి గుమ్మం తొక్కేసరికే అంతా అయిపోయింది. నేను సరేనని తలూపి బయటికొచ్చాను. అత్తగారు ఈసారి వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను. వచ్చినప్పుడు ఆ ప్రస్తావన రాలేదు, నేనూ తేలేదు. నేనన్నది తప్పని ఒప్పుకోవడం కన్నా మర్చిపోవడం తేలిక. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నా నోరు జారిన మాటను తీసుకునే వీలు ఒక్కరోజు తేడాతో నా చేతికే వచ్చింది. నేను తీసుకోలేదు. ఊరందరి చేతా అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేయించేవాణ్ణి, నాకు తెలిసిన ఒక్క నిజాన్ని ఇంట్లో దాచుకున్నాను. అంత సిగ్గు నా జీవితంలో మరెప్పుడూ పడలేదు.

ఫోన్లోనే మా ఆవిడకు చెప్పేశాను. అవతల టీచర్ల మాటలూ కాగితాల చప్పుడూ వినపడ్డాయి.

"నాక్కూడా చెప్పలేదు మీరు" అంది చివరికి. నేను నోరు తెరిచేలోపే, "ముందు అమ్మకి చెప్పండి" అని పెట్టేసింది.

నేను వెళ్లేసరికి అత్తగారు మళ్లీ లేచి నిలబడ్డారు. నేను బెంచీ మీద ఓ చివర కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, పాప పుట్టకముందు, ఆ మొదటిసారి... నేను మిమ్మల్ని ఒక మాటన్నాను."

"ఇప్పుడవన్నీ ఎందుకు బాబూ."

"ఆ మాట తప్పండి. మర్నాడే డాక్టరమ్మ నాకు చెప్పింది. బిడ్డ గుండె ఆగిపోయి అప్పటికే రెండు వారాలైందంట. మీరు పండు తెచ్చింది ఆ తర్వాత. పండు వల్ల కాదండి. ఎవరి వల్లా కాదంది. మీకు చెప్పమని కూడా అంది. నేనే చెప్పలేదు."

ఆవిడ నన్ను చూశారు. పచ్చబడిన ఆ కళ్లతో సూటిగా, నా మొహంలోకి చూశారు.

"ఆ తర్వాతా?"

"ఆ తర్వాతేనండి."

ఆవిడ మెల్లగా బెంచీ మీద కూర్చున్నారు. నేను పక్కనున్న సంగతి మర్చిపోయినట్టున్నారు. గాజులు తీసేసిన బోసి చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నేల వైపు చూశారు. ఏడవలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"మీ మాట మీద కోపంతో వదల్లేదు బాబూ" అన్నారు తర్వాత. "ఈసారి నా కూతురి కడుపు నిలబెట్టు స్వామీ, నేనిక దీన్ని ముట్టుకోనని వదిలాను. పాప నిలబడింది. దాని మీద వదిలిందాన్ని ఎలా తాగనండీ? అయినా... మీరు తాగమంటే తాగుతాను."

పొద్దున పామర్రులో ఈ మాట అని ఉంటే ఆ గ్లాసు నేనే ఆవిడ నోటికందించి ఉండేవాణ్ణి. ఇప్పుడు రెండో డబ్బా నా చేతిలోనే ఉంది. రాయో గడ్డో తేలలేదన్న భయం అలాగే ఉంది. మొక్కు నిజంగా ఫలిస్తుందా లేదా అన్నది నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా, ఆవిడ ఒకసారి నా మాటకు తలవంచి పందొమ్మిదేళ్లు మోశారని.

"నేను తాగమననండి" అన్నాను.

లోపలికెళ్లి టెక్నీషియన్ అమ్మాయికి ముందు క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత సంగతి చెప్పాను. ఆమె మా ఊళ్ల పిల్లే, కాశీ అనగానే ఇంకేమీ అడగలేదు. "ముందే అడగాల్సింది నేను. అనాస పడుతుందా అని అడుగుతాను గానీ, వదిలారా అని ఎప్పుడూ అడగలేదండి" అంది. లోపల స్కానింగులు చూసి రిపోర్టు రాసే పెద్ద డాక్టరుతో మాట్లాడి వచ్చింది. నాలుగు గంటలు ఒక్క చుక్క తాగకుండా ఉంచితే కడుపు ఖాళీ అవుతుంది, అప్పుడు జ్యూసు లేకుండానే ప్రయత్నిస్తామంది. "గొట్టం అడుగు కనపడొచ్చు, కనపడకపోవచ్చు. ఖచ్చితంగా చెప్పలేనండి. కనపడకపోతే పెద్ద ఊరు వెళ్లాల్సొస్తుంది."

ఆ నాలుగు గంటలూ ఇద్దరం ఆ బెంచీ మీదే ఉన్నాం, ఆ చివరొకరం ఈ చివరొకరం. ఏప్రిల్ ఎండకు వరండాలో కూడా సెగ కొడుతోంది. ఆవిడ దాహమని అనలేదు. నాకు దాహమేసింది గానీ ఆవిడ ఎదుట తాగబుద్ధి కాలేదు. మా ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది, రెండుసార్లూ తల్లితోనే మాట్లాడింది. రెండోసారి అత్తగారు, "పోనీలే, ఆయన్నేమీ అనకు" అనడం విన్నాను.

మళ్లీ పిండిమర చప్పుడు మొదలైంది. ఈసారి నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. "ఊపిరి బిగబట్టండి... వదలండి" అని మైకులో అమ్మాయి గొంతు వినపడినప్పుడల్లా నేనూ బిగబట్టి వదిలాను. చప్పుడు ఆగాక పెద్ద డాక్టరు వచ్చి తెర ముందు కూర్చున్నారు. కాసేపటికి నన్ను పిలిచారు. మడుగు లేదు. నల్లటి కడుపు మధ్య సన్నని తెల్లటి పిల్లకాలువ ఒకటి పైనుంచి కిందికి దిగి, చివర్లో ఆగింది. ఆగిన చోట ఒక నల్లటి గింజ ఉంది.

"రాయేనండి" అన్నారాయన. "పెసరగింజకన్నా కొంచెం పెద్దది. గడ్డేమీ లేదు. తీసేస్తే కామెర్లు వాటంతటవే తగ్గుతాయి."

నేను మా ఆవిడకు ఫోన్ చేశాను. ఆమె ఏడ్చేసింది. అత్తగారికి చెబితే, "సరే బాబూ" అని ముక్కుపుడక పెట్టుకోవడానికి అద్దం ఎక్కడుందో అమ్మాయిని అడిగారు.

గేటు బయటి కొబ్బరిబొండాలావిడ దగ్గర ఆగి చెరొకటి తాగాం. అత్తగారు కారు వెనక్కి వెళ్లి తాగారు. రాయి తీసే తేదీ నాలుగు రోజుల్లో, అందాకా బందరులో మా ఇంట్లోనే ఉండాలని మా ఆవిడ ఆర్డరు. మళ్లీ వెనక సీట్లోనే కూర్చున్నారు. పామర్రు దాటి బందరు రోడ్డెక్కాం. ఎండ తగ్గి గాలి తిరిగింది. ఆవిడ నిద్రపోయారనుకున్నాను.

"బాబూ."

తలుపు చాటు లేకుండా, మధ్యలో ఎవరూ లేకుండా, ఆవిడంతట ఆవిడ నన్ను పిలవడం అదే మొదటిసారి. రాయి గురించి అడుగుతారనుకున్నాను. ఎలా తీస్తారు, నొప్పి ఉంటుందా అని. చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"ఆ డాక్టరమ్మ ఏమందో ఇంకొక్కసారి చెప్పండి."

కారు రోడ్డు పక్కకు తీసి ఆపాను. వెనక్కి తిరిగి, మొదట్నించీ చెప్పాను.